కాపురానికి కబురు

అమెరికాలో స్థిరపడ్డ భర్త దగ్గరికి భార్య శాశ్వతంగా వెళ్ళాలంటే వలస వీసా కావాలి. దానికి ఆఖరి మెట్టు కాన్సులేట్‌లో జరిగే ఇంటర్వ్యూ. అక్కడ కిటికీ ముందు నిలబడేది కొద్ది నిమిషాలే. ఆ కిటికీ దాకా చేరడానికి మాత్రం ఏడాదికి పైగా పడుతుంది, ఒక్కోసారి మూడు నాలుగేళ్ళు కూడా పడుతుంది. ఆలమూరు, జొన్నాడ, పెనికేరు, చింతలూరు... మండలంలో ఏ ఊళ్ళోనైనా తాళి పడ్డాక కూడా పుట్టింట్లోనో అత్తవారింట్లోనో ఆగిపోయిన అమ్మాయిని ఇరుగుపొరుగు అడిగే మాట ఒకటే: "ఇంకా కాపురానికెళ్ళలేదేమ్మా?" దీనికి జవాబు ఆ అమ్మాయి దగ్గర ఉండదు. ఫైలు ఏ బల్ల మీద ఆగింది, ఎందుకు ఆగింది అన్నది తెలిస్తే ఆ ప్రశ్న అంత తేలిగ్గా ఎవరి నోటికీ రాదు.

నిబంధనల్లో భార్యాభర్తల తేడా లేదు. భార్య అక్కడుండి భర్త ఇక్కడ ఎదురుచూస్తున్న ఇళ్ళూ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో ఎక్కువగా ఆగిపోయేది ఆడపిల్లే కాబట్టి ఈ కథనం ఆమె వైపు నుంచి సాగుతుంది.

రంగం నుంచి అమెరికా దాకా

ఆలమూరు గౌతమి గోదావరికి ఎడమ గట్టున ఉంది. జొన్నాడ దగ్గర వంతెన దాటితే రావులపాలెం, అక్కడి నుంచి పాయల మధ్య కోనసీమ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆలమూరు మండలం తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి చేరింది. ఈ నేలకు వలస కొత్త కాదు. తాతముత్తాతల కాలంలో జనం రంగం అని పిలుచుకున్న రంగూన్‌కు ఓడెక్కారు. తర్వాతి తరంలో కువైట్, దుబాయ్, మస్కట్ దారి పట్టారు. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళలో భార్యను రప్పించుకోగలిగేది మంచి జీతం ఉన్నవాళ్ళే. ఇళ్ళలో పనికో డ్రైవరుగానో వెళ్ళినవాళ్ళకు ఆ వీలు దాదాపు లేదు. అందుకే గల్ఫ్ ఇల్లాలి ఎదురుచూపు భర్త సెలవు మీద వచ్చే రోజు కోసం. అమెరికా సంబంధం చేసుకున్న ఇల్లాలి ఎదురుచూపు తాను బయల్దేరే రోజు కోసం. మొదటిదానికి ఎప్పుడో ఒక తేదీ ఉంటుంది. రెండోదానికి చాలాకాలం పాటు తేదీయే ఉండదు.

ఈ ఎదురుచూపుకు ఆలమూరుకు పక్కనే ఒక పాత ఆనవాలుంది. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, వైద్యశాస్త్రంలో ప్రపంచానికి ఎంతో ఇచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు 1919లో శేషగిరిని పెళ్ళాడారు. ఆయన మామగారు అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి. అల్లుడి అమెరికా చదువుకు ఆయన కూడా డబ్బు సాయం చేశారు. 1920ల తొలినాళ్ళలో సుబ్బారావు బోస్టన్ చేరారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూసేదాకా భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. దానికి కారణం చట్టం ఒక్కటే అనడం సరికాదు. పరిశోధన, డబ్బు లేమి, ఆయన స్వభావం అన్నీ కలిశాయి. అయినా ఆ కాలపు చట్టం కూడా తలుపు మూసే ఉంచింది. 1917 నాటి అమెరికా చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వానికి దారి తెరిచినా భారతీయ వలసదారులకు కేటాయించింది ఏడాదికి 100 చోట్లే. 1965 నాటి వలస చట్టంతో కుటుంబాలను కలపడమన్నది వలస విధానానికి మూలసూత్రాల్లో ఒకటయింది. ఇవాళ ఆలమూరు నుంచి వెళ్ళే ప్రతి పిటిషనూ ఆ చట్టం వేసిన దారిలోనే నడుస్తోంది.

ఏ భర్తకు ఏ వరస

ఎంతకాలం ఆగాలన్నది ముందుగా భర్త హోదాను బట్టి ఉంటుంది. పెళ్ళి సంబంధాలు మాట్లాడే చోట ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పరు. "అబ్బాయికి గ్రీన్‌కార్డుంది" అనగానే సంబంధం విలువ పెరుగుతుంది. నిజానికి కొత్త పెళ్ళికూతురిని ఎక్కువకాలం ఆపేది ఆ కార్డే.

భర్త హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తుంటే భార్య హెచ్-4 వీసా మీద అతనితో వెళ్ళవచ్చు. అది తాత్కాలిక వీసా, హైదరాబాద్ కాన్సులేట్‌లోనే ఇస్తారు. పని నెలల్లో తేలిపోతుంది. భర్త అమెరికా పౌరుడైతే భార్యను చట్టం 'తక్షణ బంధువు'గా చూస్తుంది. ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కాబట్టి ఫైలు నడిచే సమయమే ఎదురుచూపు. ఏడాది, ఏడాదిన్నర, కొన్నిసార్లు ఇంకాస్త. భర్త చేతిలో ఉన్నది గ్రీన్‌కార్డు మాత్రమే అయితే భార్య 'ఎఫ్2ఏ' అనే కోటాలోకి వస్తుంది. ఆ కోటాకు ఏటా పరిమితి ఉంది. పిటిషన్ అందిన రోజు ఆమెకు 'ప్రయారిటీ డేటు' అవుతుంది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వెలువరించే వీసా బులెటిన్‌లో ఆ తేదీకి వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. ఒకే వీధిలో ఒకే శ్రావణంలో పెళ్ళయిన ముగ్గురిలో తాత్కాలిక వీసావాడి భార్య ముందు విమానమెక్కుతుంది, శాశ్వత నివాసం ఉన్నవాడి భార్య అందరికన్నా వెనక ఉండిపోతుంది. ఊరికి ఇది ఎంత చెప్పినా అర్థం కాదు. అర్థం కాకపోవడంలో ఊరి తప్పేమీ లేదు.

గ్రీన్‌కార్డు వచ్చాకే పెళ్ళి ఎందుకు చేసుకుంటారన్నది సహజంగా వచ్చే సందేహం. చాలామంది అబ్బాయిలు తల్లిదండ్రుల వెంటో, తల్లిదండ్రులు వేసిన పిటిషన్ మీదో 'పెళ్ళికాని సంతానం'గా వెళ్తారు. కార్డు రాకముందు పెళ్ళి చేసుకుంటే ఆ అర్హతే పోతుంది. అందుకని వెళ్ళి, కార్డు తీసుకుని, తిరిగొచ్చి పెళ్ళి చేసుకుంటారు. ఉద్యోగం ద్వారా కార్డు తెచ్చుకునేవారి సంగతి వేరు. కార్డు మంజూరయ్యే రోజుకే పెళ్ళయి ఉంటే భార్య అదే దరఖాస్తు నీడలో, కొత్త పిటిషన్ లేకుండా, తర్వాత వెళ్ళి కలుసుకోవచ్చు. కార్డు మంజూరైన మర్నాడు పెళ్ళయితే ఆ వీలుండదు, ఎఫ్2ఏ వరసే దిక్కు. ముహూర్తం పెట్టేటప్పుడు తారాబలం, చంద్రబలంతో పాటు చూసుకోవాల్సిన తేదీ ఇది.

ఎఫ్2ఏలో భారతీయులకు ఒక చిన్న ఊరట ఉంది. ఈ కోటాలో నాలుగింట మూడు వంతుల వీసాలకు దేశాలవారీ పరిమితి వర్తించదు. కాబట్టి ఉద్యోగ కోటాలో లాగా భారతీయులకు విడిగా దశాబ్దాల వరస లేదు. కానీ తేదీ నిలకడగా ఉండదు. 2019 జులై నుంచి దాదాపు నాలుగేళ్ళపాటు ఎఫ్2ఏ 'కరెంటు'గా నడిచింది. అంటే వరసే లేదు. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో ఒక్కసారిగా 2020 సెప్టెంబరు 8కి వెనక్కి వెళ్ళింది. నెల కిందటిదాకా వరస లేదని చెప్పిన కుటుంబాలకు ఒక్క కాగితంతో ముందు ఏళ్ళ బారు కనిపించింది. "డేటు కదిలిందా?" అన్న మాట గోదావరి యాస ఫోన్లలో నెలనెలా వినిపించడం అందుకే.

కార్డు వచ్చిన అయిదేళ్ళకు భర్త పౌరసత్వానికి అర్హుడవుతాడు. పౌరుడైన రోజు నుంచి భార్య పిటిషన్ తక్షణ బంధువుల వరసలోకి మారుతుంది. చాలా ఇళ్ళలో ఆశ దీనిమీదే. ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. భార్య ఒంటరిగా ఉందని భర్త వచ్చి ఆరు నెలలు దాటి ఇక్కడ ఉంటే అక్కడి నిరంతర నివాసం తెగినట్టు లెక్కేసే ప్రమాదం ఉంది, పౌరసత్వం వెనక్కి పోతుంది. ఏడాది దాటితే కార్డుకే ముప్పు. భార్యతో గడిపే కాలం పెరిగేకొద్దీ ఆమె వెళ్ళే రోజు దూరం జరుగుతుంది. అందుకే ఏడాదికోసారి మూడు వారాల సెలవు, అంతే. పోనీ ఆమే పర్యాటక వీసా మీద వెళ్ళి చూసి రావచ్చు కదా అంటే, వలస పిటిషన్ పెండింగ్‌లో ఉన్న భార్య తిరిగొస్తానని అధికారిని ఒప్పించడం కష్టం.

ఈ కష్టాన్ని అమెరికా చట్టసభ ఒకప్పుడు గుర్తించింది. 2000 డిసెంబరులో 'లైఫ్' చట్టం తెచ్చి, మూడేళ్ళుగా వరసలో ఉన్న గ్రీన్‌కార్డుదారుల భార్యాబిడ్డలు అక్కడికే వెళ్ళి ఎదురుచూసేందుకు 'వీ' వీసా ఇచ్చింది. అది 2000 డిసెంబరు 21 నాటికి పిటిషన్ వేసినవారికే. ఆ తర్వాతి వారికి అలాంటి దారి మళ్ళీ తెరవలేదు. తెరవాల్సిన అవసరం మాత్రం అప్పటికన్నా తగ్గలేదు.

పోర్ట్స్‌మత్‌లో ఫైలు

మొదటి మెట్టు భర్త వేసే ఐ-130 పిటిషన్. పెళ్ళి నిజమైనదేనని అమెరికా వలస సేవల శాఖ దాన్ని ఆమోదిస్తే ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. ఇది న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లో, మూతపడ్డ పీజ్ వైమానిక స్థావరం స్థలంలో, 1994 నుంచి ఉంది. అక్కడ ఫైలుకు కొత్త నంబరు పడుతుంది. ముంబయికి వెళ్ళే ఫైళ్ళ నంబరు ముందు 'బీఎంబీ' అనే మూడక్షరాలుంటాయి. నగరం పేరు మారి దశాబ్దాలైనా బొంబాయి ఈ ఫైళ్ళలో బతికే ఉంది.

ఇక్కడ రెండు రుసుములు కట్టాలి. వీసా దరఖాస్తుకు 325 డాలర్లు, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు. భార్య తరఫున డీఎస్-260 దరఖాస్తు, భర్త తరఫున ఐ-864 హామీ పత్రం. భర్త ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతమైనా ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. ఈ హామీ మామూలు కాగితం కాదు. భార్య పౌరురాలయ్యేదాకానో, అక్కడ సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో ఆమె పోషణకు భర్తదే పూచీ, విడాకులైనా ఆ పూచీ పోదు. ఆడపిల్లనిచ్చే తల్లిదండ్రులు తెలుసుకుని ఉండాల్సిన సంగతి ఇది. చాలామందికి ఆ పత్రం పేరు కూడా తెలియదు.

పేరులోనే ఉంది పెన్నిధి, పేచీ

కుటుంబం చేతిలో నిజంగా ఉన్నది కాగితాల పని. ఆలమూరులో నెలలు జారిపోయేది కూడా ఇక్కడే.

పెళ్ళి నమోదు తేలికే. హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ, పెళ్ళి ఫొటో, వయసు రుజువులు, ముగ్గురు సాక్షులతో అయిపోతుంది. భర్త సెలవు అయిపోకముందే ఇద్దరూ వెళ్ళి సంతకాలు చేసి ధ్రువపత్రం తీసుకోవడం తప్పనిసరి. పదహారు రోజుల పండగ దాకా ఆగి, అప్పగింతల హడావుడిలో మరిచిపోయి, తర్వాత భర్త సంతకం కోసం మరో ఏడాది ఆగిన ఇళ్ళున్నాయి.

పుట్టిన తేదీ పత్రం అంత తేలిక కాదు. మనవైపు తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది. అమ్మాయి ఊరు ఆలమూరైనా పుట్టింది అమ్మమ్మగారి ఊళ్ళోనో, కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రుల్లోనో అయి ఉంటుంది. జననాన్ని నమోదు చేసేది ఆ ఊరి పంచాయతీయో పురపాలక సంఘమో. అక్కడ వెతికితే నమోదు ఉంటుంది, బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే బారసాల నాటికి ఎవరూ మళ్ళీ ఆఫీసుకు వెళ్ళలేదు. తర్వాత పేరు చేర్చుకోవడానికి 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 14వ సెక్షన్ వీలిస్తుంది. అసలు నమోదే లేకపోతే 'లభ్యం కాలేదు' అన్న ధ్రువపత్రం తీసుకుని, దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల అఫిడవిట్లు పెట్టాలి. తెలుగులో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

అన్నిటికన్నా పెద్ద తగువు పేరుతో. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో పడాల్సింది ఇంకో గడిలో పడుతుంది. నాన్న పేరులోని 'వెంకట' ఒకచోట ఉండి మరోచోట ఉండదు. 'రావు' కొన్నింట్లో కలిసి, కొన్నింట్లో విడిగా. పెళ్ళయ్యాక ఊరు అమ్మాయిని అత్తింటి పేరుతోనే పిలుస్తుంది, చదువు కాగితాలన్నీ పుట్టింటి పేరుతో ఉంటాయి. అమెరికా చట్టం ఇంటిపేరు మార్చుకోమని అడగదు. మార్చుకోకపోవడమే ఈ దశలో మేలు. మార్చుకుంటే పాస్‌పోర్టు నుంచి ప్రతి కాగితం దాకా మార్పుకు రుజువు చూపాలి. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించే పని ప్రతి తెలుగు ఫైలులోనూ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

పోలీసు ధ్రువపత్రం పాస్‌పోర్టు శాఖ ద్వారా వస్తుంది. పదహారేళ్ళు నిండాక ఏడాదికి పైగా మరో దేశంలో ఉన్నవాళ్ళు ఆ దేశం నుంచి కూడా తేవాలి. కువైట్‌లోనో మస్కట్‌లోనో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాళ్ళున్న కోనసీమలో ఈ నిబంధన చాలామందికి తగులుతుంది.

అన్నీ సరిపోయాయని సెంటర్ ఒప్పుకుంటే ఫైలు పూర్తయినట్టు కబురు వస్తుంది. అది ఇంటర్వ్యూ తేదీ కాదు, ఇంటర్వ్యూ వరసలో చోటు. 2020 మార్చిలో కరోనా వల్ల ప్రపంచమంతటా వీసా సేవలు ఆగాయి. ఏప్రిల్‌లో వెలువడిన అధ్యక్ష ప్రకటన పౌరుల భార్యలను మినహాయించి, గ్రీన్‌కార్డుదారుల భార్యల వీసాలను 2021 ఫిబ్రవరి దాకా నిలిపేసింది. అన్ని కాగితాలూ పూర్తయి ఇంటర్వ్యూ కోసం ఆగిన ఫైళ్ళు ప్రపంచవ్యాప్తంగా 4 లక్షలు దాటాయి.

ఆగిన ఇంట్లో ఏడాది

చట్టం నెలల్లో లెక్కపెడుతుంది. ఊరు పండగల్లో లెక్కపెడుతుంది. తొలి ఆషాఢం ఎలాగూ ఎడబాటు నెలే, పుట్టింట్లో ఉన్నా ఎవరూ ఏమీ అనరు, అత్తవారింటికి ఆషాఢం సారె వెళ్తుంది. శ్రావణంలో కొత్త కోడలు మంగళగౌరీ నోము పడుతుంది, భర్త వీడియో కాల్‌లో చూస్తాడు. ఆలమూరులో ఉదయం ఏడింటికి, వేసవి కాలమానంలో డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆమె కాఫీ వేళా అతని భోజనం వేళా కలిసేది ఆ ఒక్క గంటే. సంక్రాంతికి కొత్తల్లుడి విస్తరిలో వంటకాల లెక్క పేపర్లో పడే జిల్లాల్లో, అల్లుడు రాని తొలి సంక్రాంతి ఆ ఇంటికి ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

బయటికి కనిపించని నష్టం చదువుకున్న అమ్మాయిది. "ఎలాగూ వెళ్ళిపోతావు కదా" అని ఉద్యోగం మాన్పిస్తారు, కొత్త ఉద్యోగం చూసుకోనివ్వరు, కోర్సులో చేరనివ్వరు. వీసా నిబంధనల్లో ఎక్కడా ఆమె ఖాళీగా కూర్చోవాలని లేదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగం చేసుకుంటూ ఎదురుచూసే అమ్మాయికి అక్కడికి వెళ్ళాక ఆ అనుభవం పనికొస్తుంది. ఏళ్ళ తరబడి ఆమెను ఇంటిపట్టున ఉంచే అలవాటును పెద్దలు మానుకోవాలి. ఈ కాలంలో బిడ్డ పుడితే భర్త హోదాను బట్టి దారి మారుతుంది. గ్రీన్‌కార్డుదారు భార్య ఫైలులో బిడ్డను చేర్చవచ్చు. పౌరుడి భార్య ఫైలులో అలా కుదరదు. తండ్రి అమెరికాలో తగినంతకాలం ఉండి ఉంటే బిడ్డ పుట్టుకతోనే పౌరుడవుతాడు కాబట్టి కాన్సులేట్‌లో నమోదు చేయించాలి.

ముంబయి

హైదరాబాద్ నానక్‌రాంగూడలో 2023 మార్చిలో 34 కోట్ల డాలర్ల కొత్త భవనంలోకి మారిన కాన్సులేట్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాలకు సేవలందిస్తోంది. అక్కడ పర్యాటక, విద్యార్థి, ఉద్యోగ వీసాలు ఇస్తారు. వలస వీసా ఇంటర్వ్యూలు మాత్రం చాలాకాలంగా ప్రధానంగా ముంబయిలో, కొన్ని ఢిల్లీలో జరుగుతున్నాయి. అందువల్ల ఆలమూరు అమ్మాయి రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కో, విమానంలోనో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ దాకా వెళ్ళాలి. ఇన్ని లక్షల తెలుగు కుటుంబాలు అమెరికాలో ఉన్నప్పుడు ఈ ఇంటర్వ్యూలు హైదరాబాద్‌లోనే జరగాలని కోరడం న్యాయమైన కోరికే.

ఇంటర్వ్యూకు ముందు కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే పరీక్షలు చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు, తప్పిన టీకాలు. క్షయ అనుమానం వస్తే కఫం పరీక్ష ఫలితానికి రెండు నెలల వరకు పడుతుంది. వేలిముద్రలు, ఫొటో విడిగా ఇవ్వాలి.

కిటికీ దగ్గర కుడిచెయ్యెత్తి ప్రమాణం చేయిస్తారు. తర్వాత ప్రశ్నలు. సంబంధం ఎవరు తెచ్చారు? పెళ్ళిచూపులెక్కడ? పెళ్ళికి అతని తరఫున ఎవరొచ్చారు? అతను ఏ ఊళ్ళో, ఏ పని చేస్తాడు? ఇంతకుముందు పెళ్ళయిందా? పెద్దలు కుదిర్చిన పెళ్ళి కావడం తప్పేమీ కాదు. అధికారి చూసేది ఇద్దరూ కలిసి బతకడానికి చేసుకున్న పెళ్ళా, కార్డు కోసం చేసుకున్నదా అన్నదే. స్టూడియో ఆల్బంలోని తలంబ్రాల ఫొటో కన్నా, తర్వాతి సంవత్సరాల్లో భర్త వచ్చి వెళ్ళిన టికెట్లు, ఇద్దరి పేరుతో ఉన్న బ్యాంకు ఖాతా, అత్తమామలతో దిగిన మామూలు ఫొటోలు ఎక్కువ చెబుతాయి. బట్టీ పట్టిన జవాబుల అవసరం లేదు. తెలియనిది తెలియదనడం మంచిది.

కాగితం ఏదైనా తక్కువైతే, ఇంకా విచారణ అవసరమైతే '221(జీ)' చీటీ ఇస్తారు. అది శాశ్వత తిరస్కరణ కాదు. అడిగినవి ఏడాదిలోగా ఇవ్వాలి. పెళ్ళి నిజం కాదని అధికారి భావిస్తే మాత్రం పిటిషన్ తిరిగి అమెరికాకు వెళ్తుంది. అక్కడి నుంచి బయటపడటం కష్టం.

మంజూరైతే పాస్‌పోర్టు వీసాతో తిరిగొస్తుంది. దాని గడువు వైద్య పరీక్ష తేదీతో ముడిపడి సాధారణంగా ఆరు నెలలకు మించదు. ఆలోగా 235 డాలర్ల వలస రుసుము కట్టి విమానమెక్కాలి. శూన్యమాసం వచ్చిందనో, మంచిరోజు లేదనో ఆగితే ఆ గడువు ఆగదు. సారె పెట్టెలో ఆవకాయ, పూతరేకులతో పాటు పత్రాల అసలు ప్రతులు చేతిసంచిలో ఉండాలి. దిగిన చోట అధికారి వేసే ముద్రతో ఆ వీసాయే ఏడాదిపాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది, కార్డు తర్వాత ఇంటికి వస్తుంది. దిగే రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే అది రెండేళ్ళ షరతు కార్డు. గడువుకు ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 వేసి ఆ షరతు తీయించుకోవాలి. ఆలమూరులో రెండేళ్ళు దాటి ఆగినవాళ్ళకు ఆ కాగితం పని ఉండదు, నేరుగా పదేళ్ళ కార్డే వస్తుంది.